నకిలీదని చెప్పిన సారు

సారు సంస్మరణ సభలో రెండు మాటలు మాట్లాడమని నల్లగొండ నుంచి ఫోన్ వచ్చింది. పాత నాణేలు పోగుచేసే మిత్రుడొకడు చేశాడు.

"నీకంటె దగ్గరోళ్లు ఇంకెవరున్నరే అన్నా? ఆదివారం వచ్చిందంటె ఇద్దరు జంటగనే కనపడుతుంటిరి" అన్నాడు.

డ్యూటీ ఉందని చెప్పాను. ఆ రోజు నాకు డ్యూటీ లేదు. మైకు ముందు నిలబడితే మొదట వచ్చేవి మంచి మాటలే. ఆ తర్వాత ఏం వస్తాయో నా మీద నాకే నమ్మకం లేదు. అక్కడ ఆయన భార్య కూర్చుని ఉంటుంది. ఆమె నాకు చాలాసార్లు అన్నం పెట్టింది. అందుకే సభకు పోలేదు. ఇక్కడ కూడా ఆయన పేరు రాయడం లేదు. జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఊళ్లో సగం మందికి సారే, నాకూ సారే.

ఆయన్ను మొదటిసారి కలిసింది రాష్ట్రం వచ్చిన కొత్తలో. నేను రామన్నపేట సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌ని. సెలవు దొరికితే ప్యాసింజర్ బండెక్కి నల్లగొండ పోయి, గడియారం సెంటర్ చుట్టుపక్కల తిరిగేవాణ్ణి. ఒక సందు మొదట్లో ఓ ముసలాయన టార్పాలిన్ పరిచి పాత తాళాలు, మూగబోయిన రేడియోలు, ఇత్తడి చెంబులు అమ్మేవాడు. ఓ మూల పళ్లెంలో పాత బిళ్లలు కుప్పగా ఉండేవి. అందులోంచి మిలమిలా మెరిసే రూపాయి ఒకటి తీసి చూస్తున్నాను. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు మీద మెల్లగా తట్టింది.

"ఇడిసిపెట్టు తమ్మీ."

తిరిగి చూస్తే తెల్ల చొక్కా, ఎండాకాలంలో కూడా మెడకు చుట్టుకున్న మఫ్లరు, ముక్కు కొసకు జారిన కళ్లద్దాలు.

"గంత మెరుస్తాందంటె దాన్ని చింతపండు పెట్టి తోమిండ్రన్నట్టు. నాణెమంటె చెంబనుకున్నవా తోముడానికి?" అని టార్పాలిన్ ముసలాయనను కోప్పడ్డాడు. తర్వాత అదే పళ్లెంలో వేలు పెట్టి కలిపి, నల్లబడి, మొహం కూడా సరిగ్గా కనబడని రాగి పైసా ఒకటి పైకి తీశాడు.

"గిది తీస్కో."

ఆ రెండు మాటలతోనే ఆయన నన్ను ఏళ్ల తరబడి నడిపించాడు. తీస్కో. ఇడిసిపెట్టు. ఎందుకని అడిగితే వెంటనే చెప్పేవాడు కాదు. ముందు చాయ్ హోటల్‌కు తీసుకుపోయేవాడు. నచ్చిన బిళ్లను అక్కడే వదిలేసి వచ్చి చాయ్ తాగాలి. తాగినంతసేపు దాని గురించి మాట్లాడకూడదు. "చాయ్ తాగినంక కూడ అది యాదికుంటె పోయి కొను. మర్చిపోతివా, అది నీది గాదు." ఈ నియమం ఆయనకూ ఉండేది. నేను తిరిగి వెళ్లేసరికి ఎవరో కొనుక్కుపోయిన బిళ్లలు చాలా ఉన్నాయి. బాధపడితే నవ్వేవాడు. "ఏం కొన్నవో ఎవడన్న చెప్తడు తమ్మీ. ఏం ఇడిసిపెట్టినవో చెప్పేటోడే బిళ్లల కలెక్టరు."

ఆ మొదటి రోజు చాయ్ దగ్గర ఆయన ఒక ప్రశ్న అడిగాడు. "ఏ ఊరు? ఎవరోళ్లు?" మా జిల్లాలో రెండో ప్రశ్నకు జవాబు చెప్పాక ఎదుటివాడి కుర్చీ కొంచెం కదులుతుంది. అది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మాది కేతేపల్లి అని, ఊరి చివర చర్చి పక్క గల్లీ అని చెప్పాను. దాంతో అర్థం కావలసింది అర్థమవుతుంది. ఆయన తల ఊపి "మంచిది" అని, తన సాసర్‌లోని రెండు ఉస్మానియా బిస్కెట్లలో ఒకటి తీసి నా సాసర్‌లో పెట్టాడు. మా నాయిన అదే జిల్లాలో చాయ్ హోటల్ బయట నిలబడి, గోడ గూట్లో వేరే పెట్టిన గ్లాసులో తాగిన మనిషి. ఒక్క బిస్కెట్టుకు అంత కరిగిపోతారా అని ఎవరైనా నవ్వొచ్చు. నేను కరిగిపోయాను.

సారు వాళ్ల ఇల్లు నల్లగొండలోనే, రామగిరి వైపు. వరండాలో షాబాదు బండలు, ఒక ఈజీచైరు, పక్కన చెక్క బీరువా. బిళ్లను ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని, దస్తీతో వేళ్ల సందుల్లో కూడా తుడుచుకునేవాడు. అంచులు పట్టుకుని ముందు ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. కళ్లు మూసుకుని, కూర వాసన చూసినట్టు చూసేవాడు. "రాగి అబద్ధమాడదు. వెండి జర ఆడుతది. అందుకె వెండిని మోగియ్యాలె" అని బిళ్లను షాబాదు బండ మీద జారవిడిచి, తల పక్కకు వంచి వినేవాడు. మంచి వెండి మోగితే ఆయన మొహంలో ఎవరో పేరు పెట్టి పిలిచినంత సంతోషం కనబడేది.

"సార్, నేనేం కొనాలె? జీతమేమో గింత. కనబడ్డదల్ల కొనబుద్ధయితది" అని ఒకసారి అడిగాను.

"అన్ని కొనేటోడు దుకాణం పెట్టుకోవాలె. ఒక్కటి పట్టుకో. ఒక్క చార్మినార్ పట్టుకో. నిజాం కాలం బిళ్లల మీద చార్మినార్ ఉన్నయి మాత్రమే చూడు. మిగతయి బంగారమైన ఇడిసిపెట్టు."

అట్లాగే చేశాను. చార్మినార్ బొమ్మలో నడిమి గుమ్మం కింద చిన్న అరబ్బీ అక్షరం ఒకటి ఉంటుందని, అది గద్దె మీదున్న నిజాం పేరులో మొదటి అక్షరమని, నిజాం మారితే అక్షరం మారుతుందని ఆయనే భూతద్దం పెట్టి చూపించాడు. నకిరేకల్ అంగడిలో, మిర్యాలగూడ పాతసామాన్ల దుకాణాల్లో, ఒక్కోసారి మహబూబ్‌నగర్ దాకా పోయి వెతికాం. బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చేవాడు. "నాకు గాలి పడదు" అని మఫ్లరు సర్దుకునేవాడు. ఇంటికొచ్చాక నా డబ్బా తెరిచి కొత్త బిళ్లను దాని వరసలో పెట్టేది కూడా ఆయనే.

ఆయన నిజాయితీని కళ్లారా చూశాను కూడా. నకిరేకల్‌లో ఒక కంచరి దుకాణంలో ఒకామె పాత ఇత్తడితో పాటు గిన్నెడు బిళ్లలు తూకానికి వేయబోతోంది. నిమ్మకాయల మార్కెట్‌లో మూటలు కుట్టే మనిషి. సారు గిన్నెలో చెయ్యి పెట్టి ఒక బిళ్ల తీసి ఆమె చేతిలో పెట్టాడు. "అమ్మా, గిది మాత్రం తూకానికి వెయ్యకు. మంచి బేరమొచ్చెదాక దాచుకో" అన్నాడు. దుకాణదారు గుర్రుగా చూశాడు. ఆమె సారు కాళ్లకు దండం పెట్టబోతే వెనక్కి జరిగాడు. ఆ రోజు రామన్నపేట తిరిగి వస్తూ, ఇలాంటి మనిషి దొరకడం నా అదృష్టమనుకున్నాను. అదే రకం బిళ్లలు ఆయన బీరువాలో అప్పటికే ఉన్నాయన్న సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, ఆ నిజాయితీనీ ఆ బీరువానూ కలిపి ఆలోచించలేదు. చాలా రోజుల తర్వాత ఆలోచించాను.

మా మేనత్త కేతేపల్లిలోనే ఉంటుంది. మా నాయిన కంటే పెద్దది. నేను నాణేలు పోగుచేస్తున్నానని ఎవరో చెప్తే, ఓ ఆదివారం చర్చి అయిపోయాక నన్ను ఇంటికి పిలిచి, వక్కాకు సంచి లోపలి అరలోంచి గుడ్డ ముడి ఒకటి తీసింది.

"అవ్వ రూపాయి. యాదికున్నదా అల్లుడా?"

ఎందుకు లేదు. మా ఇంట్లో బిడ్డ పుడితే ఆ రూపాయిని నుదుటికి తాకించేవాళ్లు. మా అవ్వ మంత్రసాని. ఆమె చేతుల మీద చుట్టుపక్కల ఎంతమంది భూమ్మీద పడ్డారో లెక్కలేదు. కాన్పు చేయించడానికి ఇంట్లోకి రానిచ్చేవాళ్లు, అయిపోయాక ఆమె నడిచిన చోట నీళ్లు చల్లుకునేవాళ్లు. ఇచ్చేది చాటెడు జొన్నలు. ఒకసారి ఒక దొర కోడలికి బిడ్డ అడ్డం తిరిగి రెండు ప్రాణాలూ పోయేలా ఉంటే, అవ్వ తెల్లవార్లూ కష్టపడి ఇద్దరినీ దక్కించింది. అప్పుడు దొర గడప మీద నిలబడి, కింద కొంగు పట్టిన అవ్వ ఒడిలోకి ఈ రూపాయి జారవిడిచాడట. కరువొచ్చినా, తాతకు జబ్బు చేసినా అవ్వ దాన్ని ఖర్చు పెట్టలేదు. "ఇది కూలి గాదు. నా చేతికొచ్చిన పేరు" అనేది.

ఆ రూపాయి అంచు మీద, ఒక మినారు పక్కన, సన్నటి గాటు ఉంటుంది. అది తాత పని. దొర మనకు నిజం రూపాయి ఇస్తడా అని కొడవలితో కోసి చూశాడట. అవ్వ ఆయనతో చాలా రోజులు మాట్లాడలేదట.

"నువ్వు గివన్ని దాస్తున్నవంట గదా. నా తర్వాత పోరగాండ్లు దీన్ని ఏం చేస్తరో. నీ దగ్గరుంటె మా అమ్మ పేరుంటది. తీస్కపో" అంది అత్త.

కొనడమూ అమ్మడమూ లేకుండా నా డబ్బాలోకి వచ్చిన మొదటి బిళ్ల అది. దాన్ని ఏ వరసలో పెట్టాలో సారును అడగాలని, ఆ సాయంత్రమే నల్లగొండ పోయాను. అవ్వ కథ మొత్తం చెప్పి రూపాయిని ఆయన చేతిలో పెట్టాను.

ఆయన వాసన చూడలేదు. కిటికీ దగ్గరికి పోయి, నాకు వీపు చేసి, భూతద్దంతో చాలాసేపు చూశాడు. సారు భార్య, నేను అమ్మా అని పిలిచేదాన్ని, ఆమె తెచ్చిన చాయ్ బల్ల మీద చల్లారిపోయింది. తిరిగి వచ్చి కూర్చుని, కళ్లద్దాలు తీసి మఫ్లరు కొసతో తుడుచుకున్నాడు.

"ఇడిసిపెట్టు తమ్మీ."

"ఇడిసిపెట్టుడేంది సార్? ఇది మా అవ్వది."

"అవ్వదే, కాదన్న. కని నకిలీది. తగరం మీద వెండి పూత. గా గాటు సూడు, లోపల ఎట్ల తెల్లగున్నదో. అసలు వెండైతె ఇన్నేండ్లకు గాటు నల్లబడాలె."

"ఒక్కసారి బండ మీద వేసి చూడుండ్రి సార్."

"కోత పడ్డ బిళ్ల మోగదు. ఎందుకు వేసుడు?" అని రూపాయిని నా అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. "గా కాలంల దొరలు గిట్లనే చేసేటోళ్లు. చదువు లేనోళ్లకు దొంగ బిళ్లలు అంటగట్టేటోళ్లు. ఏం చేస్తవ్. మనసుకు తీస్కోకు."

నేను నమ్మాను. చెప్పింది సారు. పైగా చెప్పింది నమ్మలేని సంగతేమీ కాదు. దొరలు ఇంకా ఎన్నో చేశారు.

అత్తకు చెప్పకుండా ఉండాల్సిందేమో. కానీ రెండు రోజులకే ఫోన్ చేసి "సారు ఏమన్నడు? ముచ్చటపడ్డడా?" అని అడిగింది. కేతేపల్లి పోయి ఎదురుగా కూర్చుని చెప్పాను. చివరిదాకా విన్నది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు చూడలేకపోయాను.

"అంటె మా నాయినే నిజం చెప్పిండన్నట్టు. పిచ్చిది, మా అమ్మ. సచ్చెదాక మొక్కింది గదరా దానికి. మీ అందరి నొసలుకు తాకిచ్చింది గదరా." కొంగుతో మొహం తుడుచుకుని "నా ఇంట్లకు తేకు దాన్ని. ఎక్కడన్న పారెయ్" అంది.

ఆ తర్వాత మా అన్న మనవరాలు పుట్టినప్పుడు నుదుటికి తాకించడానికి ఏమీ లేదు. ఎవరూ అడగనూ లేదు.

పారేయడానికి నాకు చెయ్యి రాలేదు. తర్వాతి ఆదివారం సారే గుర్తు చేశాడు. "గా నకిలీది ఏం జేసినవ్?" జేబులోనే ఉందన్నాను. "నీ దగ్గరుంటె మనసు గుంజుతనే ఉంటది. నాకియ్యి. కొత్తగొచ్చే పిల్లలకు నకిలీ బిళ్ల ఎట్లుంటదో చూపిస్త" అన్నాడు. నా చేత్తోనే ఇచ్చాను. నా బాధను ఆయన పంచుకుంటున్నాడని కూడా అనుకున్నాను.

కొన్నేళ్లు గడిచాయి. కరోనా వచ్చి పోయింది. సారుకు మోకాళ్ల నొప్పులు ఎక్కువై తిరగడం తగ్గింది. హైదరాబాద్‌లో ఒక ఫంక్షన్‌హాల్లో పాత నాణేల ప్రదర్శన పెడితే ఒక్కణ్ణే పోయాను. మొదటిసారి పక్కన ఆయన లేకుండా బిళ్లలు చూస్తున్నాను. ఒక బల్ల దగ్గర, అద్దం కింద, నల్ల మఖ్మల్ గుడ్డ మీద రూపాయి ఒకటి విడిగా పెట్టి ఉంది. చార్మినార్ ఉంది. ఒక మినారు పక్కన అంచు మీద సన్నటి గాటు ఉంది.

గాట్లు చాలా బిళ్లల మీద ఉంటాయి. కానీ చిన్నప్పుడు అవ్వ ఒళ్లో కూర్చుని ఆ గాటులో గోరు పెట్టి ఆడుకున్నవాణ్ణి. చేతిలోకి ఇమ్మన్నాను. గోరు పెట్టాను. అదే.

ఆ బల్ల మనిషి పాతబస్తీ వ్యాపారి, పెద్దమనిషి. "జర భద్రం భాయ్. సగం అక్షరంది అది" అన్నాడు.

"సగం అక్షరమంటే?"

"గుమ్మంల అక్షరం చూడు. కొత్త నిజాం వచ్చిన షురువుల ముద్దర సగమే పడ్డది. తర్వాత పూర అక్షరం చెక్కిండ్రు. గీ సగంది దొరుకుడు కష్టం."

అరిగిపోయి సగం పోయిందని నేను అనుకున్న అక్షరం అది. ఎన్నో అక్షరాలు చూపించిన సారు, సగం అక్షరం సంగతి మాత్రం నాకు ఎన్నడూ చెప్పలేదు.

"ఇది నకిలీ కదా?" అన్నాను.

ఆయన నవ్వి, రూపాయిని పక్కనున్న చిన్న తక్కెడలో పెట్టి తూకం చూపించాడు. తర్వాత ఒక రాతి పలక తీసి దాని మీద జారవిడిచాడు. అది మోగింది. చుట్టూ ఉన్న గోలలో కూడా నాకు స్పష్టంగా వినబడింది.

"గాటు లోపల తెల్లగ ఉందేంది మరి?"

"వెండి తెల్లగ ఉండక ఎర్రగ ఉంటదా భాయ్?" అన్నాడు. ఎక్కడిదని అడిగాను. "మీ నల్లగొండ సారే తెచ్చిండు. ఆయన వరసల ఒక ఎనిమిదణాల బిళ్ల తక్కువుండె. ఎన్నడి సంది తిరుగుతుండెనో దాని కోసం. అది నా దగ్గరుండె. ఇద్దరం బదలాయించుకున్నం. గీ రూపాయి వాళ్ల ముత్తాత పెట్టెల దొరికిందని చెప్పిండు."

ఆ ఎనిమిదణాల బిళ్లను నేను చూశాను. సారు ఇంట్లో, ఆయన పక్కనే కూర్చుని చూశాను. "ఇన్నాళ్లకు నా వరస నిండింది తమ్మీ" అని ఆయన నాకు మిఠాయి తినిపించాడు. నేను తిన్నాను.

మరునాడు పొద్దున్నే నల్లగొండలో దిగాను. ఆయన వరండాలో పుట్నాలు నములుతూ కూర్చున్నాడు. నన్ను చూసి మొహం విప్పారింది. "రా రా, ఎగ్జిబిషన్‌ల ఏమేం ఇడిసిపెట్టినవ్?" అన్నాడు.

"మా అవ్వ రూపాయి చూసిన సార్."

నమలడం ఆగింది. కళ్లద్దాలు తీసి మఫ్లరుతో తుడిచాడు. దబాయిస్తాడనుకున్నాను, కాళ్లు పట్టుకుంటాడేమో అని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. ఆయన రెండూ చేయలేదు. పాఠం చెప్పినట్టు చెప్పాడు.

"చూడు తమ్మీ. అది నీ డబ్బాల ఉంటె డబ్బాలనే ఉండేది. సగం అక్షరంది, ఎవరికి తెలుస్తుండె? ఇప్పుడు నలుగురు చూస్తున్నరు."

"నకిలీదని ఎందుకన్నరు సార్?"

"అసలుదని చెప్తె నువ్వు ఇస్తుంటివా?" అని ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "ఇంకో మాట. అసొంటి బిళ్ల మీవోళ్ల ఇంట్ల ఉన్నదంటె నలుగురు ఏమనుకుంటరు? ఎక్కడ్నో ఎత్కొచ్చిండ్రంటరు. నేను ఒక రకంగ నిన్ను కాపాడిన."

మీవోళ్ల. అన్నేళ్లలో ఆయన నోట ఆ మాట అదే మొదటిసారి విన్నాను. దాని కోసం ఆయన వెతుక్కోలేదు, తడబడలేదు. నోట్లోనే ఉన్నట్టు వచ్చింది. బస్సులో కిటికీ పక్క సీటు, బిస్కెట్టు, "తమ్మీ" అన్న పిలుపు, అన్నీ ఆ మాటను పక్కన పెట్టుకునే చేశాడా అని ఇప్పటికీ ఆలోచిస్తాను. తేల్చుకోలేను.

అమ్మ లోపలినుంచి చాయ్ తెచ్చింది. "అట్ల నిలబడ్డవేంది బిడ్డా, కూసొని తాగు" అంది. ఆమెకు ఏమీ తెలియదు. కూర్చున్నాను. తాగాను. ఆమె లోపలికి పోయాక సారును ఒక్కటే అడిగాను.

"నాకేం చెప్పకుండ్రి సార్. ఒక్కసారి కేతేపల్లి వచ్చి మా అత్తకు చెప్పుండ్రి. ఆ రూపాయి అసలుదేనని. దొర మా అవ్వను మోసం చెయ్యలేదని."

"ముసలామెకు ఇప్పుడు గదంత ఎందుకు తమ్మీ?" అన్నాడు. నేను లేవకపోయేసరికి "సరే, జర మోకాలు తగ్గని. వస్త" అన్నాడు.

ఆ వారమే నా డబ్బా పట్టుకుని పాతబస్తీ వ్యాపారి దుకాణానికి పోయాను. డబ్బాలోవి మొత్తం తీసుకుని ఆ ఒక్క రూపాయి ఇమ్మన్నాను. ఆయన ఒక్కో బిళ్లను వెలుతురుకు పెట్టి చూశాడు. ఒక్కటి కూడా పక్కన పెట్టలేదు.

"మస్తు ఏరినవ్ భాయ్. అన్ని అసలుయే. ఒక్కటి చెడ్డది లేదు. ఎవరు నేర్పిండ్రు నీకు?"

ఖాళీ డబ్బాకు మూత పెట్టాను. సారు నాకు దొంగవి అంటగట్టి ఉంటే సులువయ్యేది. సారు నా చేత కొనిపించిన ప్రతి బిళ్లా మంచిదే. నేర్పిన ప్రతి మాటా నిజమే. ఆయన నాతో ఆడిన అబద్ధం ఒక్కటే.

రూపాయి తీసుకుని కేతేపల్లి పోయాను. అత్త చూపు అప్పటికి బాగా మందగించింది. బొటనవేలితో అంచు వెంట తడుముకుంటూ పోయి గాటు దగ్గర ఆగింది.

"మన బిళ్లే. గీ దొంగదాన్ని మళ్ల ఎందుకు తెచ్చినవ్?"

"దొంగది కాదత్తా. అసలుది. సారు అబద్ధం చెప్పిండు."

మొత్తం చెప్పాను. ఆమె ఓపికగా విన్నది.

"అసలుదని ఎవరు చెప్పిండ్రు నీకు?"

"హైదరాబాద్ల వ్యాపారి."

"అమ్ముకునేటోడు అసలుదనే అంటడు గదరా. నువ్వు నీ బిళ్లలన్ని ఇచ్చి తెచ్చుకున్నవంటివి, నీకు మనసొప్పది నకిలీదనుకునుడు. గా సదువుకున్న సారు, అబద్ధం చెప్తె ఆయనకేమొస్తది?" రూపాయిని నా చేతిలో పెట్టేసింది. "అప్పుడు నువ్వే వచ్చి నకిలీదంటివి. ఇప్పుడు నువ్వే వచ్చి అసలుదంటున్నవ్. ఏది నమ్మాలె? ఆయన్ను తోల్కరా. ఆయన నోటితోని అంటె నమ్ముత."

ఆయన రాలేదు. మొదట్లో ఫోన్ ఎత్తి "వర్షాలు తగ్గని", "డాక్టర్ తిరగొద్దన్నడు" అనేవాడు. తర్వాత ఎత్తడం మానేశాడు. ఫోన్‌లోనైనా అత్తతో ఒక్క మాట చెప్పమని మెసేజ్ పెట్టాను. చూసినట్టు నీలం గీతలు పడ్డాయి, జవాబు రాలేదు. ఒకసారి కిరాయికి కారు మాట్లాడుకుని వాళ్ల ఇంటి ముందు ఆపాను, ఎత్తుకునైనా పోదామని. అమ్మ గేటు దాకా వచ్చి "నిద్రపోతున్నడు బిడ్డా" అంది. వరండాలో ఈజీచైరు గుడ్డ ఇంకా ఊగుతోంది.

ఇది జరిగాక ఆయన చాలా కాలం బతకలేదు. సంస్మరణ సభ రోజు నేను కేతేపల్లి పోయాను. అత్త అరుగు మీద కూర్చుని, చూపుతో పని లేకుండా వేళ్లతోనే కందికాయలు ఒలుస్తోంది. పక్కన కూర్చున్నాను.

"అత్తా, ఆ సారు పోయిండు."

ఆమె చేతులు ఆగాయి.

"అయ్యో. మంచోడే ఉండె పాపం, నీతోని గంత కలిసిమెలిసి ఉండె." నా వైపు తిరిగింది. "మరి ఇగ మా అమ్మ రూపాయి సంగతి ఎవరు చెప్తరురా?"

"నేను చెప్తున్న గదా అత్తా. అది అసలుది."

అత్త చాటలోకి చెయ్యి పెట్టి ఇంకో కాయ తీసుకుంది.